రత్నాంబగారి తాబేలుకు ఆయం కుదిరిన వైనం

ఇల్లు కట్టబోయే ముందు దాని పొడవు వెడల్పులు ఎంత ఉండాలో నిర్ణయించి చెప్పడం నా వృత్తి. గణపవరం అవతల మా ఊరి బళ్లో ఐదు తరగతులు చదివి, ఆరో తరగతి పుస్తకాలకు బదులు మా నాన్నగారి కొలకర్ర పట్టుకున్నాను. తాడేపల్లిగూడెం వచ్చి స్థిరపడ్డాక నేను కొలతలిచ్చిన ఇళ్లలో ఒక్కదానికి కూడా గోడ నెర్రె విచ్చలేదు. పెంటపాడు దగ్గర ఒక రైసుమిల్లుకి, ఏలూరులో ఒక కల్యాణ మండపానికి, తణుకులో ఒక డాక్టరుగారి మేడకి కొలతలు నావే. కొల్లేటి గట్టున చేపల చెరువు కాపలావాడి గది కూడా నా లెక్కే. కొల్లేరు పొంగిన ఏడు చుట్టుపక్కల గదులన్నీ కూలిపోతే అదొక్కటే నిలబడింది. అందులో పడుకునేవాడు భయపడి ముందే పారిపోయాడు గాని, గదికి మాత్రం ఏమీ కాలేదు. నాకు జరిగిన సన్మానాల్లో వచ్చిన శాలువాలతో మా ఆవిడ సత్యవాణి ఇంట్లో కిటికీలన్నింటికీ తెరలు కుట్టించింది. ఇంకా మిగిలాయి.

ఇన్ని చేసిన నన్ను ఒక తాబేలు ముందు నిలబెట్టి ఆలోచనలో పడేసిన మనిషి రత్నాంబగారు. ఆవిడ గురించి ఎవరూ రాయరు. నాలుగు ఊళ్లకు తెలిసిన మనిషి కాదు, సభల్లో మాట్లాడిన మనిషి కాదు. అందుకని నేనే రాస్తున్నాను.

రత్నాంబగారు ఉల్లిపాయల వ్యాపారి శ్రీరాములుగారి భార్య. పుట్టిల్లు గణపవరం. తాడేపల్లిగూడెంలో వాళ్లది ముందు దుకాణం, వెనక ఇల్లు, ఆ వెనక పెరడు, చుట్టూ ప్రహరీ. ఆ ఇంటికి కొలతలిచ్చింది కూడా నేనే. అప్పట్లో ఇంటి యజమానురాలు శ్రీరాములుగారి తల్లి వెంకటనరసమ్మగారు. ఆవిడ పేరు మీదే లెక్క కట్టాను. ఆవిడ బతికినన్నాళ్లూ రత్నాంబగారు నోరు విప్పి ఫలానాది కావాలని అడిగిన పాపాన పోలేదు. అత్తగారు పోయాక కూడా అడగలేదు, అలవాటు తప్పిపోయింది. కూరలో ఉప్పు తక్కువైతే ఉప్పు అడగకుండా తినేసే మనిషి. పిల్లలు లేరు. అది కూడా ఎవరినీ అడగలేదు, ఏ దేవుడికీ మొక్కలేదని మా ఆవిడతో ఒకసారి అన్నారట.

అటువంటి ఇంటికి ఏలూరు నుంచి ఆవిడ మేనల్లుడు భరత్ ఒక తాబేలు పిల్లని తెచ్చాడు. అతనికి ఏలూరులో రంగు చేపలు, పక్షులు అమ్మే కొట్టు ఉండేది. అది మూసేస్తూ మిగిలిన చేపల్ని తెలిసినవాళ్లకి పంచాడు. ఈ తాబేలుని మాత్రం ఎవరూ తీసుకోలేదు. "అత్తా, ఇది మన కొల్లేటి తాబేలు కాదు. ఆఫ్రికా ఇసకలో తిరిగే రకం. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. గడ్డి తింటుంది, నీళ్లలో దిగదు, ఈత రాదు. కొన్నాళ్లు చూడు" అని చెప్పి వెళ్లాడు. అప్పుడది ఆవిడ అరచేతిలో సరిపోయేది. ఆవిడ దానికి పెద్దబాబు అని పేరు పెట్టారు. ఇంత చిన్నదానికి ఆ పేరేమిటని నేనే అడిగాను. "చిన్నవాటికి పెద్ద పేరు పెడితే త్వరగా ఎదుగుతాయండి" అన్నారు.

ఎదిగింది. మందార పువ్వులు, గడ్డి, ములగాకు తిని, అరచెయ్యి దాటి, పళ్లెం దాటి, పెళ్లిళ్లలో పప్పు వడ్డించే గిన్నె అంతయింది. అయ్యాక ఇల్లంతా నడవడం మొదలుపెట్టింది. ఆ జంతువుకు పక్కకు తప్పుకోవడం తెలియదు. ఎదురుగా ఏది ఉంటే దాన్ని నెట్టుకుంటూ పోతుంది. గోడకు చేర్చి పేర్చిన ఉల్లిపాయల బస్తాల దగ్గరికి వెళ్లి, అడుగు బస్తా మూల తలతో పొడిచి పొడిచి, ఒక మధ్యాహ్నం మొత్తం వరసని కూల్చేసింది. శ్రీరాములుగారు ఊరుకున్నారు. కాని తణుకు నుంచి వచ్చిన ఒక బేరగాడు దుకాణంలో దాన్ని పీట అనుకుని కూర్చోబోయాడు. సగం బరువు ఆనించేసరికి పీట లేచి నడిచింది. అతను వెల్లకిలా పడ్డాడు. లేచి, చొక్కా దులుపుకుని, "కూర్చునే పీటే నిలకడగా లేని కొట్లో ధర ఏం నిలబడుతుందండీ" అని బేరం వదిలేసి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే శ్రీరాములుగారు తేల్చి చెప్పారు. "దీన్ని హేమంత్‌కుమార్‌కి ఇచ్చేస్తున్నాను."

హేమంత్‌కుమార్ కొల్లేటి పక్కన చేపల చెరువులు చేసే కుర్రాడు. కుర్రాడంటే నలభై దాటినవాడే. నా లెక్కలో కుర్రాడు.

"ఆయన ఏం చేసుకుంటాడండీ దీన్ని?" అన్నారు రత్నాంబగారు.

"చెరువులో వేస్తాడు. తాబేలు చెరువులో ఉండక ఉల్లిపాయల కొట్లో ఉంటుందా?"

"ఏవండీ, దీనికి ఈత రాదండి. మునిగిపోతుంది."

శ్రీరాములుగారు నవ్విన నవ్వు పక్కింటికి వినిపించింది. "మునిగిపోయే తాబేలంట! రేపు ఎగరలేని కాకిని కూడా తెస్తాడు నీ మేనల్లుడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి కొల్లేరు చూస్తున్నాను. నాకు చెప్తున్నావా తాబేలు సంగతి?"

ఆయన్ని తప్పు పట్టలేను. ఈ ప్రాంతంలో ఎవరిని లేపి అడిగినా తాబేలు ఇల్లు నీళ్లేనంటారు. నేనూ అదే అనేవాణ్ని.

అప్పుడు రత్నాంబగారు తన జన్మలో మొదటిసారి ఒకటి అడిగారు. "దానికి విడిగా ఒక దొడ్డి కట్టిస్తే ఇక్కడే ఉంచుతారా?" అన్నారు. ఆవిడ అడగడం ఆయన ఎన్నడూ వినలేదు కాబట్టి ఏం జవాబు చెప్పాలో తెలియక సరేనన్నారు. "నా బస్తాల జోలికి రాకుండా కట్టించు. అది గనక దాటి వచ్చిందా, చెరువుకే."

మర్నాడు నాకు కబురొచ్చింది.

ఆయం అంటే తెలియనివారి కోసం రెండు ముక్కలు చెబుతాను. కట్టబోయే చోటు పొడవుని వెడల్పుతో గుణించాలి. వచ్చినదాన్ని తొమ్మిదితో హెచ్చవేసి ఎనిమిదితో భాగించాలి. మిగిలిన శేషమే ఆయం. బేసి వస్తే మంచిది, సరి వస్తే కట్టకూడదు. తర్వాత ఆ కొలతకు ఒక నక్షత్రం వస్తుంది. అది ఇంటి యజమాని నక్షత్రానికి పొసగాలి, అంటే ఆయన నక్షత్రం నుంచి దాని దాకా లెక్కపెట్టి తొమ్మిదులు తీసేస్తే మంచి తార రావాలి. కొలిచే మూర కూడా యజమానిదే కావాలి, అంటే ఆయన మోచేతి నుంచి వేలి కొస దాకా. ఎవరి ఇంటిని వారి చేత్తోనే కొలవాలి. మా నాన్నగారు ఈ నియమం ఎప్పుడూ తప్పలేదు. నేనూ తప్పలేదు.

రత్నాంబగారి పెరట్లో నిలబడి అడిగాను. "అమ్మా, ఈ గృహానికి యజమాని ఎవరు?"

"మావారేనండి."

"ఆయన ఇందులో ఉంటారా?"

"ఉండరండి."

"మీరు ఉంటారా?"

"పెద్దబాబు ఉంటాడండి."

"అయితే యజమాని పెద్దబాబే. మూర కూడా వాడిదే."

తాపీమేస్త్రి రూబెన్ నాతో చాలా ఇళ్లు కట్టినవాడు. ఇటుకల మీద కూర్చుని బీడీ వెలిగించబోయి ఆగిపోయాడు. "అయ్యగారూ, తాబేలుకి మోచెయ్యి ఎక్కడుంటదండీ?"

అది కనుక్కోవడానికే ఉదయమంతా పట్టింది. నేను టేపు తీసుకుని వంగగానే పెద్దబాబు నాలుగు కాళ్లూ తలా లోపలికి లాక్కుని బండరాయిలా కూర్చున్నాడు. రూబెన్ వెనక నుంచి ఎత్తాడు. నేను కింద పడుకుని చూశాను. నా వయసులో పచ్చి నేల మీద బోర్లా పడుకుని ఒక యజమాని మూర కోసం వేచి ఉండడం అదే మొదటిసారి. ప్రహరీ మీంచి చూస్తున్న పక్కింటి కోడలు "సిద్ధాంతిగారికి కళ్లు తిరిగాయేమో చూడండమ్మా" అని కేకేసింది. చివరికి రత్నాంబగారు ఎర్ర మందార పువ్వు దూరంగా పెడితే ముందుకాలు చాచాడు. మోకీలు వంటిది కనపడింది. అక్కడి నుంచి గోరు కొసకు నాలుగున్నర అంగుళాలు. రాసుకున్నాను.

పె అక్షరం కాబట్టి నక్షత్రం చిత్త. వాడి మూరల్లో ఏడు వెడల్పు, పదకొండు పొడవు పెట్టాను. ఏడు పదకొళ్లు డెబ్భై ఏడు. తొమ్మిదితో హెచ్చవేసి ఎనిమిదితో భాగిస్తే శేషం ఐదు, వృషభాయం. నక్షత్రం శ్రవణం. చిత్త నుంచి లెక్కపెడితే తొమ్మిదోది, పరమమైత్రం. ఇంత చక్కగా కుదిరిన లెక్క నా సర్వీసులో నాలుగైదు ఉంటే ఎక్కువ. తణుకు డాక్టరుగారికి కూడా ఇంత కుదరలేదు. వృషభాయానికి తూర్పు ద్వారం కాబట్టి తూర్పున గుమ్మం పెట్టించాను.

రూబెన్ నా లెక్కని అడుగుల్లోకి మార్చి, నేల మీద గీత గీసి, దాని పక్కన పెద్దబాబుని చూసి తల గోక్కున్నాడు. "తిరగడానికి చోటు సరిపోద్దాండీ?"

"యజమాని మూరకి తగ్గట్టే ఉంది కదయ్యా."

"మీ మాటే కానివ్వండి."

ఇటుకలతో నడుమెత్తు గోడ, చిన్న ద్వారబంధం, దానికి చిన్న తలుపు. పసుపు రాసి, బొట్లు పెట్టి, మామిడాకులు కట్టాం. జ్యేష్ఠమాసంలో మంచిరోజు చూసి గృహప్రవేశం పెట్టాను. రత్నాంబగారు ఆ గుమ్మం ముందే రాళ్ల పొయ్యి మీద పాలు పొంగించారు. ఇరుగుపొరుగు వచ్చారు. శ్రీరాములుగారు మాత్రం దుకాణంలోంచి కదల్లేదు. యజమాని కుడికాలు ముందు పెట్టి లోపలికి వెళ్లాలి. పెద్దబాబు నాలుగు కాళ్లవాడు కాబట్టి ముందు కుడికాలని నిర్ణయించాను. వాడు గుమ్మం దాకా వచ్చి ముందు ఎడమకాలు ఎత్తాడు. వెనక్కి జరిపాం. మళ్లీ ఎడమకాలే. మూడోసారి రూబెన్ ఎడమకాలు పట్టుకుని ఆపితే కుడికాలు పెట్టాడు. చప్పట్లు కొట్టారు.

లోపల వాడు గోడ దాకా వెళ్లాడు. తిరగబోతే వెనక డొప్ప అటు గోడకు తగిలింది. ఇటు తిరగబోతే తల ఇటు గోడకు తగిలింది. కొంతసేపు ఆలోచించినట్టున్నాడు. ఆనక వెనక్కి వెనక్కి నడిచి, గుమ్మానికి ఆని, నెట్టాడు. సిమెంటు ఇంకా పచ్చిదే. ద్వారబంధం గోడలోంచి ఊడి వచ్చి, మామిడాకులతో సహా వాడి వీపు మీద పడింది. ఆ బంధం మోసుకుంటూ, పసుపు బొట్లతో, పెళ్లికొడుకులా పెరడు దాటి, వంటిల్లు దాటి, దుకాణంలోకి నడిచి వెళ్లాడు. శ్రీరాములుగారి ముందున్న ఉల్లిపాయల రాశిలోకి దూరి ఆగాడు. ఉల్లిపాయలు వీధిలోకి దొర్లాయి.

శ్రీరాములుగారు లేచి నిలబడి నా వైపు చూశారు. "సిద్ధాంతిగారూ, ఇల్లు ఇంట్లోకి నడిచొచ్చిందండి" అన్నారు. కోపంలో కూడా గారు, అండీ తప్పని మనిషి. అక్కడే నిలబడి హేమంత్‌కుమార్‌కి ఫోన్ చేశారు. ఆదివారం బండి తెస్తానన్నాడు అతను.

నా బతుకులో నేను కొలతలిచ్చిన ఇల్లు పడిపోవడం అదే మొదలు. లెక్క తప్పలేదు. ఇప్పటికీ ఆ లెక్క ఎవరికైనా చూపిస్తాను. యజమాని ఎదుగుతున్నవాడని లెక్కలో వేసుకోలేదంతే. నిలువెత్తు మనుషులకు కట్టి కట్టి ఆ అలవాటు లేదు.

నాలుగు రోజులకే ఆషాఢం మొదలైంది. ఆ మధ్యాహ్నం రత్నాంబగారు మా ఇంటికి వచ్చారు. ఎప్పుడూ ఒంటరిగా గడప దాటని మనిషి ఎండలో నడిచి వచ్చారు. మా సత్యవాణి మజ్జిగ ఇస్తే గ్లాసు పట్టుకుని తాగకుండా కూర్చున్నారు.

"సిద్ధాంతిగారూ, పెద్దది కట్టండి. ఆదివారంలోగా కావాలి."

"అమ్మా, ఆషాఢంలో శంకుస్థాపన చెయ్యకూడదు. శ్రావణం రానివ్వండి."

"శ్రావణానికి వాడు చెరువు అడుగున ఉంటాడండి."

మా ఆవిడ అంది, "ఏవండోయ్, ఆ ప్రాణి మునిగిపోతే ఆ పాపం ఏ మాసం కింద రాసుకుంటారు? ఆషాఢం కిందా, మీ కిందా?"

"శాస్త్రం శాస్త్రమే" అన్నాను.

"శాస్త్రం తాబేలు చెయ్యి కొలవమందా?"

"యజమాని చెయ్యి కొలవమంది."

"ఈ కిటికీ తెరలన్నీ పీకి ఆ శాలువాలు దానికి కప్పండి. మీకంటే అది ఎక్కువ కష్టపడింది."

రత్నాంబగారు నవ్వలేదు. మజ్జిగ గ్లాసు కింద పెట్టి, "ఆ దొడ్డి కోసం మావారిని అడిగింది తప్ప నేనింతవరకు ఎవర్నీ ఏదీ అడగలేదండి. అడిగితే ఎలా అడగాలో కూడా నాకు తెలియదు. ఇలాగే అడుగుతారేమో అనుకుని వచ్చాను" అన్నారు.

ఆవిడ వెళ్లాక ఏలూరుకి ఫోన్ చేసి భరత్‌ని అడిగాను, నిజంగానే మునుగుతుందా అని. "రుబ్బురోలు మునిగినట్టు మునుగుతుందండి" అన్నాడు. "ఇంకా ఎంత పెరుగుతుంది?" అంటే, దూడంత బరువు తూగుతుందనీ, మన అందరి తర్వాత కూడా ఉంటుందనీ, దానికి గది కాదు, నడవడానికి పెరడే కావాలనీ చెప్పాడు. ఫోన్ పెట్టేసి కాగితం తీసుకున్నాను. ఇప్పటి మూర కాదు, వచ్చే ఏడు మూర ఊహించి లెక్క వేశాను. ఆ పై ఏడు మూర వేశాను. వేసినకొద్దీ గోడ జరుగుతూ పోయింది. తులసికోట దొడ్డి లోపలికి వచ్చింది, నుయ్యి వచ్చింది, స్నానాలగది వచ్చింది. ఆ కాగితం పట్టుకెళ్లి శ్రీరాములుగారికి చూపిస్తే ఆయన వేలితో గీత వెంబడి వెళ్లి ఆగారు.

"అంటే నేను నీళ్లు పోసుకోవాలంటే దాని ఇంట్లోంచి వెళ్లాలా?"

"తలుపు తట్టి వెళ్లండి" అన్నారు రత్నాంబగారు.

ఆయన కాగితం మడిచి నా చేతిలో పెట్టారు.

ఆదివారం పొద్దున్నే నేనూ మా ఆవిడా అక్కడికి వెళ్లాం. ఎందుకు వెళ్లామో నాకే తెలియదు. చేతిలో ముహూర్తం లేదు, లెక్క లేదు. పెద్దబాబు వరండాలో మందారాలు తింటున్నాడు. రత్నాంబగారు పక్కనే కూర్చుని ఒక్కొక్కటే అందిస్తున్నారు. హేమంత్‌కుమార్ చేపలు తీసుకెళ్లే చిన్న ట్రక్కు వేసుకుని వచ్చాడు. పెద్ద నీలం ప్లాస్టిక్ తొట్టిని ఇద్దరు మనుషుల చేత దింపించి, దుకాణం వరండాలో పెట్టించి, గొట్టంతో నీళ్లు నింపించాడు.

"నీళ్లెందుకు బాబూ?" అన్నాను.

"దారిలో ఎండిపోకుండాండి. రొయ్యపిల్లనైనా చేపపిల్లనైనా నీళ్లలోనే తీసుకెళ్తామండి మేము."

"ఇది నీళ్లలో బతకదు నాయనా" అన్నారు రత్నాంబగారు.

"పిన్నిగారూ, మీరు బెంగపెట్టుకోకండి. నీళ్లు తగలక ఒళ్లు బిగుసుకుపోయిందంతే. ఒక్కసారి పడితే అదే గుర్తొస్తది. చూడండి ఎలా ఈదుతుందో" అంటూ పెద్దబాబుని రెండు చేతులా ఎత్తి తొట్టిలో వదిలాడు.

ఈదలేదు. ఒక్క చప్పుడుతో అడుక్కి వెళ్లింది. బుడగలు వచ్చాయి. హేమంత్‌కుమార్ నడుం మీద చేతులు పెట్టుకుని "ఇప్పుడొస్తది పైకి" అన్నాడు. రత్నాంబగారు చీర కొంగుతో సహా భుజాల దాకా నీళ్లలోకి వంగారు. జారిపోతోంది, పట్టు దొరకలేదు. మొగుడి వైపు చూశారు, అంతే.

శ్రీరాములుగారు గల్లాపెట్టె ముందు నుంచి లేచిన వేగం నేనెప్పుడూ చూడలేదు. తొట్టి అంచు కింద భుజం పెట్టి ఒక్క తోపు తోశారు. తొట్టి బోర్లాపడింది. నీళ్లన్నీ దుకాణంలోకి పోయి, గోడ వారన ఉన్న ఉల్లిపాయల బస్తాల కింద చేరాయి. నీళ్లు తగిలిన ఉల్లిపాయ ఏమవుతుందో ఆయనకు వేరే చెప్పక్కర్లేదు. ఆయన అటు చూడలేదు. మోకాళ్ల మీద కూర్చుని పెద్దబాబుని తలకిందులు చేసి ఊపుతున్నారు. "తుమ్మరా, తుమ్ము" అంటున్నారు. కాసేపటికి ముక్కులోంచి నీళ్లు చిమ్మి, తల బయటపెట్టి, ఆయన చేతిలోంచి జారి, తిన్నగా నడిచి, తడిసిన బస్తాని పొడవడం మొదలుపెట్టాడు.

"మునుగుతుందండోయ్!" అన్నాడు హేమంత్‌కుమార్, అదేదో తనే కనిపెట్టినట్టు. "అయితే నాకెందుకండీ ఇది? మాకు చుట్టూ నీళ్లేగా." తొట్టి బండెక్కించుకుని వెళ్లిపోయాడు.

శ్రీరాములుగారు తడిబట్టలతోనే గోడకు ఆని కూర్చున్నారు. "ఇది ఎక్కడికీ వెళ్లదు" అన్నారు. "వెళ్లదు గాని, సిద్ధాంతిగారూ, నాకు వ్యాపారం కూడా ఉండాలి కదండీ. ఇది అక్కడా నేను ఇక్కడా ఉండేలా ఏదైనా చెప్పండి. ఆషాఢమంటే మాత్రం ఊరుకోను."

అప్పుడు రత్నాంబగారు కొంగు పిండుకుంటూ అడిగారు. "ఈ ఇంటికి ఆయం మీరే కదండీ చూసింది?"

"నేనే. ఈ వీధిలో అంత నిక్కచ్చి లెక్క ఇంకొకటి లేదు."

"ప్రహరీ గోడ కూడా అందులోదేనా?"

"ప్రహరీతో కలిపే చూశాను."

"ఆ లెక్క పెద్దబాబుకి సరిపోదాండీ?"

నేను అక్కడే నేల మీద చతికిలబడి వేళ్లు లెక్కపెట్టాను. ఈ ఇంటి నక్షత్రం అనూరాధ, నాకు కంఠతా వచ్చు. వెంకటనరసమ్మగారిది మృగశిర. ఆవిడ నుంచి లెక్కపెట్టే క్షేమతార పడేలా కట్టాను. పెద్దబాబుది చిత్త. చిత్త, స్వాతి, విశాఖ, అనూరాధ. నాలుగోది. అది కూడా క్షేమతారే! పునాది తియ్యక్కర్లేదు, శంకుస్థాపన అక్కర్లేదు, ఆషాఢం అడ్డురాదు. ఎన్నో ఏళ్ల నాడే ముహూర్తం అయిపోయిన ఇల్లు. ఎంత పెరిగినా చోటు చాలుతుంది.

"అమ్మా, ఈ ప్రహరీయే వాడి దొడ్డి" అన్నాను లేచి. "ఇంతకంటే తగిన కొలత నేను కట్టినా రాదు. నేను కట్టిందే కాబట్టి చెబుతున్నాను."

"మరి నా సంగతి?" అన్నారు శ్రీరాములుగారు.

ఆయనది కూడా చూడాల్సి వచ్చింది. శ్రీ అంటే సీ కింద లెక్క, శతభిషం. శతభిషం నుంచి అనూరాధకి లెక్కపెడితే మూడో తార పడింది, విపత్తు. ఇంటి యజమానురాలు తల్లిగారు కాబట్టి అప్పట్లో ఆయనది చూడలేదు. ఉన్నమాట చెప్పేశాను.

"అందుకేనా ఈ ఇంట్లో నాకు మనశ్శాంతి లేనిది!" అన్నారాయన. ఆశ్చర్యం ఏమిటంటే, ఆయన ముఖంలో బాధ లేదు. ఏదో చిరకాలపు సందేహం తీరిన మనిషిలా ఉన్నారు. "అయితే నాకు విడిగా కట్టండి."

"ఆషాఢం కదండీ" అంది మా ఆవిడ, నవ్వు ఆపుకుంటూ.

"పునాది ఉంటేనే ఇల్లు. చెక్కలు నిలబెడితే అది సామాను" అని నేను తేల్చాను. శాస్త్రంలో దారి ఎప్పుడూ ఉంటుంది, చూసేవాడు ఉండాలి.

ఆయన చెయ్యి చాచారు. లోపలికి లాక్కోలేదు, మూర కొలవడం క్షణంలో అయిపోయింది. ఆయన మూరల్లో ఏడు వెడల్పు, తొమ్మిది పొడవు. శేషం ఏడు, గజాయం. నక్షత్రం జ్యేష్ఠ, శతభిషానికి క్షేమతార. దుకాణంలో గల్లాపెట్టె, ఉల్లిపాయల బస్తాలు, ఆయన కుర్చీ, అన్నీ లోపలికి వచ్చేలా రూబెన్ చేత మోకాలెత్తు టేకు చెక్కలు చుట్టూ బిగింపించాను. ఈసారి రూబెన్ తిరగడానికి చోటు సరిపోద్దా అని అడగలేదు. ఒక పక్క గడియ ఉన్న చిన్న తలుపు. ఆయన పొద్దున్న కుడికాలు ముందు పెట్టి లోపలికి వెళతారు. ఎవరూ కాలు పట్టుకుని ఆపనక్కర్లేదు, చెప్పగానే గ్రహించారు. తడిసిన ఉల్లిపాయలు మాత్రం సగం పోయాయి. ఆ మాట ఆయన నోట నేను ఇప్పటిదాకా వినలేదు.

ఇప్పుడు ఆ ఇంట్లో పెద్దబాబు వంటింట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి వరండాలోకి ఎవరి అనుమతీ లేకుండా తిరుగుతాడు. చెక్కల దాకా వచ్చి, తలతో రెండుసార్లు పొడిచి, టేకు కదలకపోతే వెళ్లిపోతాడు. బేరగాళ్లు బయట నిలబడి లోపలున్న శ్రీరాములుగారితో మాట్లాడతారు. తణుకు బేరగాడు కూడా మళ్లీ వస్తున్నాడు. చెక్క మీద చెయ్యి ఆనించి, కదలడం లేదని చూసుకుని, అప్పుడు ధర అడుగుతాడు. మధ్యాహ్నం రత్నాంబగారు ముందు పెద్దబాబుకి ఆకు పెట్టి, తర్వాత చెక్కల మీంచి ఆయనకు కంచం అందిస్తారు. ఆవిడకి అడగడం కూడా బాగా అలవాటైంది. మొన్న కూరలో ఉప్పు తక్కువైందని పక్కింటి నుంచి అడిగి తెప్పించుకున్నారట.

నిన్న సాయంత్రం అటు వెళితే నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించారు.

"ఏవండీ సిద్ధాంతిగారూ, కూర్చుని కూర్చుని ఆయన కాస్త ఒళ్లు చేస్తున్నారండి. ఆ చెక్కలు ఒక మూర జరిపిస్తే ఎలా ఉంటుందంటారు?"

లోపల నుంచి శ్రీరాములుగారు కూడా చెవి రిక్కించి వింటున్నారు. ఒక మూర జరిపితే సరి సంఖ్య పడి ఆయం చెడుతుందనీ, జరిపితే రెండు మూరలే జరపాలనీ చెప్పాను. ఆయన లేచి, ఆ రెండు మూరల చోటులో అప్పుడే కుర్చీ వేసి చూసుకున్నారు.